డ్యూటీలో చూసినవి వదలడం లేదా? ట్రామా చికిత్స ఎలా మొదలుపెట్టాలి, ఎలా పూర్తి చేయాలి

మీరు కానిస్టేబులైనా, ఎస్సై అయినా, ఆర్మీ నుంచో సీఆర్పీఎఫ్ నుంచో రిటైరై ఊరికి వచ్చిన జవానైనా ఇది మీకోసమే. మీరు పడుతున్న అవస్థ చూసి ఇంట్లోవాళ్లో, బ్యాచ్‌మేటో "ఎవరికైనా చూపించుకో" అని ఈపాటికి అనే ఉంటారు. ఎవరికి చూపించుకోవాలి, అక్కడ ఏం అడగాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ట్రామాకు, అంటే భయంకర ఘటన మనసుకి చేసిన గాయానికి, చేసే మానసిక చికిత్స స్టేషన్‌లో రౌడీషీటర్లకు ఇచ్చే కౌన్సెలింగ్ లాంటిది కాదు. దానికి ఒక పద్ధతి ఉంది, ఇన్ని సెషన్లని లెక్క ఉంది, హోంవర్క్ ఉంది, తగ్గిందో లేదో కొలిచి చూసే ప్రశ్నాపత్రం ఉంది. దాన్ని మీరే అడిగి తీసుకోవాలి. అడగకపోతే చాలాచోట్ల నిద్రమాత్రల చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు.

ముందు తేల్చుకోండి: ఇది మామూలు అలజడేనా, జబ్బా?

ప్రమాదంలో నుజ్జయిన శరీరాన్ని చేతులతో ఎత్తిన రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. కాల్పులు జరిగాక కొన్నాళ్లు ఉలిక్కిపడటం, తిండి సయించకపోవడం కూడా జబ్బు కాదు. చాలామందిలో ఇవి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. అందుకే ఘటన జరిగిన మర్నాడే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి "ఏం చూశారో ఒక్కొక్కరూ చెప్పండి" అనే పద్ధతిని ఇప్పుడు వైద్య మార్గదర్శకాలు వద్దంటున్నాయి. దానివల్ల పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఇలాంటి ఘటనల తర్వాత వచ్చే మానసిక జబ్బు) ఆగుతుందని తేలలేదు. ఆ తొలి రోజుల్లో కావాల్సింది వేడి భోజనం, నిద్ర, ఇంటికి ఒక ఫోను, పక్కన ఒక మనిషి. మర్నాడు మళ్లీ అదే మార్చురీకి డ్యూటీ వేయని ఆఫీసరు కూడా.

నెల దాటినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి. చూడాల్సినవి నాలుగు రకాలు. వద్దన్నా ఆ దృశ్యం మళ్లీ మళ్లీ రావడం, పీడకలలు, దీపావళి టపాసుకో కాలిన వాసనకో ఒళ్లంతా ఆ రోజుకి వెళ్లిపోవడం ఒకటి. ఆ దారి, ఆ మనిషి, ఆ కబురు అన్నిటినీ తప్పించుకు తిరగడం రెండోది. "తప్పంతా నాదే", "ఎవర్నీ నమ్మకూడదు" అనే ఆలోచనలు పాతుకుపోవడం, పిల్లల మీద కూడా ప్రేమ కలగనంతగా మొద్దుబారిపోవడం మూడోది. నాలుగోది ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం. హోటల్లో గోడకి వీపు ఆనించి, తలుపు కనబడే కుర్చీలోనే కూర్చుంటారు. చిన్న మాటకి కోపం భగ్గుమంటుంది.

ఈ జబ్బుకి 1980లో పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. ఆ పేరు రావడం వెనక వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికా సైనికుల పోరాటం చాలా ఉంది. అయితే దీనికి బాంబు పేలాల్సిన పని లేదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ ప్రమాణాల్లో, మనిషి అవశేషాలు ఏరే సిబ్బందినీ, పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వివరాలు పదేపదే వినాల్సి వచ్చే పోలీసులనూ ఉదాహరణగా పేర్కొన్నారు. పట్టాల మీద శవాలు ఎత్తే రైల్వే పోలీసు, పోక్సో కేసుల్లో పాపల స్టేట్‌మెంట్లు రాసుకునే మహిళా ఎస్సై కూడా ఈ లెక్కలోకి వస్తారు. "నన్నెవరూ కాల్చలేదు కదా" అని తీసిపారేయకండి.

పీసీఎల్-5 అనే ప్రశ్నాపత్రం ఉంటుంది. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 80. గత నెల రోజులు ఎలా ఉందో చూసి వేసుకోవాలి. 31-33 దాటితే డాక్టర్ని కలవాల్సిందే. అది నిర్ధారణ కాదు, నిర్ధారించాల్సింది డాక్టరే. ఆ కాగితం మీద తేదీ వేసి దాచుకోండి, తర్వాత పనికొస్తుంది. పేలుడు దగ్గర్లో ఉన్నవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి విడిగా చెప్పాలి. మతిమరుపు, తలనొప్పి, చిరాకు మెదడు దెబ్బ వల్ల కూడా రావచ్చు.

తుపాకీ, తాగుడు: ఈ రెండూ చికిత్స కంటే ముందు

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, మిగతాదంతా పక్కన పెట్టి ఈ పని చేయండి. సర్వీస్ పిస్టల్ ఉంటే ఇంటికి తెచ్చుకోవడం మానేయండి, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) ఉంచండి. ఆరై (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్)తోనో, నమ్మకమున్న సీనియర్‌తోనో "కొన్నాళ్లు నాకు ఆయుధం లేని డ్యూటీ ఇప్పించండి సార్" అంటే చాలు, కారణం మొత్తం విప్పక్కర్లేదు. రిటైరయ్యాక బ్యాంకు గార్డుగా చేస్తూ లైసెన్సు గన్ను పెట్టుకున్నవాళ్లు మనలో చాలామంది. దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయవచ్చు. ఆ ఆలోచన వచ్చే క్షణాలు చాలాసార్లు కాసేపే ఉంటాయి. ఆ కాసేపు తుపాకీ చేతికి అందకుండా ఉంటే ప్రాణం దక్కుతుంది.

అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. సాయుధ దళాల వాళ్ల కోసం 2023 డిసెంబర్‌లో పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో ప్రత్యేక విభాగం కూడా తెరిచారు.

ఇక మందు సంగతి. క్యాంటీన్ కోటా సీసా ఇంట్లో ఉండటం మామూలే. నిద్ర కోసం రెండు పెగ్గులతో మొదలై సీసా దాకా వెళ్లడం కూడా అంతే మామూలు. మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున పీడకలలతో లేపుతుంది. కానీ రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. పూర్తిగా మానాకే ట్రామా చికిత్స మొదలుపెట్టాలన్న పాత పట్టింపు ఇప్పుడు లేదు, రెండూ కలిపి చేయవచ్చు. సెషన్ రోజున మాత్రం తాగి వెళ్లకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. థెరపీ ఎక్కువగా చేసేది క్లినికల్ సైకాలజిస్ట్. వీళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టిన "లైఫ్ కోచ్‌"ల దగ్గరికి ఈ జబ్బుతో వెళ్లకండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో చిన వాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, ప్రభుత్వ మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాలు అందుబాటులో ఉన్నాయి. "ఎర్రగడ్డకి పంపాలి" అని మనమే ఎన్నోసార్లు జోకులేసి ఉంటాం కాబట్టి అక్కడి ఓపీలో నిలబడటం కష్టంగానే ఉంటుంది. అంత ఇబ్బందైతే మెడికల్ కాలేజీ ఓపీకి వెళ్లండి, అక్కడ మిమ్మల్ని చూసినవాళ్లు బీపీకో షుగర్‌కో వచ్చారనుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్లగలిగితే ఇంకా మంచిది. మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. దగ్గర్లోని పాలీక్లినిక్‌లో చూపించుకుని సైకియాట్రీకి రిఫరల్ రాయించుకోండి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఈ రిఫరల్ దారి తెలిసిన పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు, ఆయన్ని తోడు తీసుకెళ్లండి.

ఊళ్లో మంచి థెరపిస్టు లేకపోతే వీడియో కాల్‌లో చేసే థెరపీ కూడా ఎదురుగా కూర్చుని చేసినంత పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. క్వార్టర్స్‌లో గోడలు పల్చన కాబట్టి కారులో కూర్చుని మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అది తప్పేమీ కాదు, బండి మాత్రం ఆగి ఉండాలి.

మొదటి రోజే అడగాల్సిన మాటలు

ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి (పీఈ, సీపీటీ, ఈఎండీఆర్ అనేవి మూడు రకాల ట్రామా థెరపీలు, అవేంటో కింద చెప్పాను):

– పీఈ, సీపీటీ, ఈఎండీఆర్‌లలో మీరు ఏది చేస్తారు? దానికి శిక్షణ తీసుకున్నారా?
– ఎన్ని సెషన్లు పడుతుంది?
– మధ్యలో హోంవర్క్ ఉంటుందా?
– తగ్గుతోందో లేదో ఎలా కొలుస్తారు?

వీటికి సూటిగా జవాబిస్తే మీరు సరైనచోటే ఉన్నారు. "అవన్నీ మర్చిపోండి, పాజిటివ్‌గా ఉండండి, ప్రాణాయామం చేయండి" అన్న దగ్గర ఆగిపోతే మరొకర్ని వెతుక్కోండి. ప్రాణాయామం మంచిదే, నేను కాదనను. కానీ ఈ జబ్బుకి అదొక్కటే చికిత్స కాదు.

రహస్యం గురించి కూడా అప్పుడే మాట్లాడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. దానికి మినహాయింపులున్నాయి, ప్రాణాపాయం ఒకటి, కోర్టు ఆదేశం ఇంకొకటి. మీరున్న ఘటన మీద మెజిస్టీరియల్ విచారణో కేసో నడుస్తుంటే ముందు లాయర్‌తో మాట్లాడండి, నోట్స్‌లో ఏం రాస్తారో థెరపిస్టుని అడగండి. చికిత్స మానుకోవాలని కాదు. ఏది ఎక్కడ మాట్లాడాలో తెలిసుండాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల విచారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఘటన సంగతి సంబంధిత పోలీసు అధికారి కుటుంబానికి తెలపాలని, వాళ్లకు లాయరో కౌన్సెలింగో కావాలంటే అందించాలని అందులోనే ఉంది. అడిగితే తప్పేమీ లేదు.

సర్వీసులో ఉన్న సైనికుల భయం వేరు. సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే షేప్ కేటగిరీలో మొదటి అక్షరం ఎస్ మానసిక స్థితికి సంబంధించింది, అది దిగితే ప్రమోషన్ పోతుందని భయం. ఆ భయం ఉత్తిదని నేను చెప్పను. కానీ లో మెడికల్ కేటగిరీ అంటే ఇంటికి పంపేయడం కాదు. ముందు తాత్కాలికంగా ఇస్తారు, మళ్లీ బోర్డు చూసి పైకి మారుస్తారు. చికిత్స లేకుండా దాచిపెట్టి, తాగి గొడవపడి చార్జ్ షీట్ తెచ్చుకుంటే దాన్ని ఏ బోర్డూ మార్చదు.

గదిలో ఏం జరుగుతుంది?

పీఈ అంటే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. అమెరికాలో ఎడ్నా ఫోవా రూపొందించారు. 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి సుమారు గంటన్నర. కళ్లు మూసుకుని ఆ ఘటనని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. "జీపు దిగుతున్నాను, కాలి కింద గాజుపెంకులు, పెట్రోలు వాసన..." ఇలా. పోలీసులకి ఇక్కడే చిక్కు వస్తుంది. ఏళ్ల తరబడి కేసు డైరీ రాసిన అలవాటులో "సదరు స్థలానికి చేరుకుని పరిశీలించగా" అన్నట్టే చెప్పేస్తారు. ఆ భాషలో ఎన్నిసార్లు చెప్పినా లోపల ఏమీ కదలదు, ఎందుకంటే ఆ భాష ఉన్నదే మనిషిని దూరంగా నిలబెట్టడానికి. "పరిశీలించగా" అనకుండా "నేను చూశాను, నా చేతులు వణికాయి" అనండి. జవాన్లయితే ఆ రోజు వైర్‌లెస్‌లో, తోటివాళ్ల నోట వినబడింది హిందీలోనే కాబట్టి ఆ మాటలు హిందీలోనే చెప్పండి, తెలుగు చేయకండి.

మొదటి రెండు మూడుసార్లు ఇది నరకంలా ఉంటుంది. పీడకలలు కొంచెం పెరగవచ్చు. కొందరు ఇక్కడే మానేస్తారు. అదే టేపు వారం వింటే అదే కథ మీద విసుగు పుడుతుంది. ఆ విసుగు మంచి గుర్తు. భయం 0 నుంచి 100లో ఎంతుందో ప్రతిసారీ వేసుకుంటూ వెళ్తే 90 దగ్గర మొదలైంది 40కి రావడం మీకే కనబడుతుంది.

దానితోపాటు తప్పించుకు తిరుగుతున్నవాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లుగా పేర్చుకుని చేయాలి. బస్టాండ్‌లో టీ తాగడం 30, హోటల్లో తలుపుకి వీపు పెట్టి కూర్చోవడం 50, పెళ్లి ఊరేగింపులో టపాసుల మధ్య నిలబడటం 70, ప్రమాదం జరిగిన హైవే మలుపు దగ్గర పగటిపూట భార్యతో ఆగడం 85. ఒక్కోదాని దగ్గర భయం తగ్గేదాకా ఉండాలి, మధ్యలో లేచి వచ్చేయకూడదు. నిజంగా ప్రమాదమున్న చోట్లు ఈ జాబితాలో పెట్టకండి. మీ మీద కక్ష కట్టిన ఊరికి వెళ్లడం చికిత్స కాదు.

సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) వేరే దారి. పెట్రీషియా రెసిక్ రూపొందించిన ఈ పద్ధతిలో సాధారణంగా 12 సెషన్లు. ఘటన గురించి మీరు చేసుకున్న తీర్మానాలను పట్టుకుంటుంది. ఒక ఎస్సైని ఊహించుకోండి. బయల్దేరే ముందు జీపులో ముందు సీటు హోంగార్డుకి ఇచ్చాడు, మందుపాతర పేలింది, ఆ కుర్రాడు పోయాడు. "నేనే చంపాను" అని ఎస్సై ఏళ్లుగా మోస్తున్నాడు. థెరపిస్టు ఓదార్చరు, మీ భాషలో చెప్పాలంటే ఇంటరాగేషన్ చేస్తారు. సీటు ఎందుకు ఇచ్చారు? అతనికి కాలు నొప్పి. మందుపాతర ఉందని అప్పుడు తెలుసా? తెలియదు. పెట్టింది ఎవరు? మరి చంపింది ఎవరు? ఒక్కరోజులో తేలదు. వారం వారం కాగితం మీద రాసి, సాక్ష్యం ఏది, ఊహ ఏది అని విడదీయాలి. దర్యాప్తు చేసినవాళ్లకి ఈ పద్ధతి బాగా అబ్బుతుందని నా అభిప్రాయం. పరాయివాడి కేసులో ఒప్పుకోని సాక్ష్యాన్ని మన మీద మనం ఎంత సులువుగా ఒప్పుకుంటామో అప్పుడు తెలుస్తుంది.

తప్పు నిజంగా జరిగి ఉంటే? కస్టడీలో కొట్టిన చేయి మీదే అయితే, పౌరుడి మీద పేల్చిన గుండు మీదే అయితే? దీన్ని నైతిక గాయం అంటున్నారు. ఇక్కడ "నీ తప్పేం లేదు" అనే థెరపిస్టుని మీరే నమ్మరు. బాధ్యత ఎంతవరకు మీది, ఆర్డరుది ఎంత, ఇప్పుడు సరిదిద్దగలిగింది ఏమైనా ఉందా అన్నది మాట్లాడాలి. ఇది 12 సెషన్లలో అయిపోకపోవచ్చు.

ఈఎండీఆర్‌లో ఆ దృశ్యాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్టు వేళ్ల వెంట కళ్లు అటూ ఇటూ తిప్పాలి. నోటితో ఎక్కువ చెప్పక్కర్లేదు కాబట్టి మాటలు రానివాళ్లకి నచ్చుతుంది.

సెలవు దొరకదు, ప్రతి వారం రావడం కుదరదు అన్నవాళ్లకి రెండు దారులున్నాయి. అమెరికాలోని ఫోర్ట్ హుడ్‌లో సైనికుల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో 10 పీఈ సెషన్లను రెండు వారాల్లోనే పూర్తిచేసినా, ఎనిమిది వారాలకు పరిచి చేసినదానికి తీసిపోలేదు. రెండు వారాల ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) పెట్టగలిగితే థెరపిస్టుని అడిగి చూడండి. రెండోది రిటన్ ఎక్స్‌పోజర్ థెరపీ. ఐదు సెషన్లే, ప్రతిసారీ అరగంట ఆ ఘటన గురించి చేత్తో రాయాలి. 2018లోనే వచ్చిన మరో పరిశోధనలో ఇది 12 సెషన్ల సీపీటీకి తీసిపోలేదు.

ఫలితం గురించి నిజం చెప్పాలి. సైనికుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2015లో సమీక్షించినప్పుడు, పీఈ, సీపీటీ చేయించుకున్నవాళ్లలో 49 నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. అయితే మూడింట రెండొంతుల మందికి చికిత్స అయ్యాక కూడా పీటీఎస్‌డీ నిర్ధారణ పూర్తిగా తొలగలేదు. అంటే బాగా తగ్గుతుంది, అందరికీ పూర్తిగా పోదు. ఒక పద్ధతి పనిచేయకపోతే రెండోది ప్రయత్నించాలి. పీసీఎల్-5లో 10-15 పాయింట్లు తగ్గాయంటే అది నిజమైన మార్పే.

మందుల సంగతి

అమెరికా సైనిక, మాజీ సైనిక వైద్య విభాగాల 2023 మార్గదర్శకం మందుల కంటే ముందు పైన చెప్పిన థెరపీలనే సూచిస్తుంది. థెరపీ దొరకనప్పుడు, లేదా డిప్రెషన్ ఎక్కువగా ఉన్నప్పుడు సెర్ట్రలిన్, పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ వాడతారు. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, "పది రోజులు వేశాను, ఏమీ లేదు" అని ఆపేయకండి. పీడకలలకి ప్రాజోసిన్ ఇస్తారు. 2018లో మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద పరిశోధనలో అది డమ్మీ మాత్ర కంటే మెరుగ్గా కనపడలేదు, అయినా కొందరికి పనిచేస్తోంది. బీపీ తగ్గిస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో మంచం మీంచి మెల్లగా లేవాలి.

ఆల్ప్రాజోలం, క్లోనాజెపామ్ లాంటి మాత్రలు పీటీఎస్‌డీకి వద్దని అదే మార్గదర్శకం చెబుతోంది. మెడికల్ షాపువాడు పరిచయమని స్ట్రిప్పులు తెచ్చుకునే అలవాటు ఉంటే డాక్టర్‌కి చెప్పండి. వీటినీ ఒక్కసారిగా ఆపకూడదు.

ఇంట్లో

మీ భార్యకో, భర్తకో ఈ ముక్క చదివించండి. నిద్రలో కలవరిస్తుంటే పట్టుకుని కుదపకండి. లైటు వేసి, దూరంగా నిలబడి పేరుపెట్టి పిలవండి. ఏం జరిగిందో చెప్పమని ఒత్తిడి పెట్టకండి, అది సెషన్‌లో జరిగే పని. టేపు వినే ఆ గంట పిల్లల్ని పక్కింటికి పంపితే అదే పెద్ద సాయం. తప్పించుకు తిరగడానికి మాత్రం సాయపడకండి. ప్రతి పెళ్లికీ "ఆయనకి డ్యూటీ ఉంది" అని మీరు అబద్ధం చెబుతుంటే చికిత్స వెనక్కి పోతుంది. ఆయన చేయెత్తితే అది జబ్బు అని సర్దుకోవద్దు. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి.

సెషన్లు అయ్యాక

మూడు నెలలకొకసారి పీసీఎల్-5 వేసుకుని పాత కాగితం పక్కన పెట్టి చూడండి. ఘటన జరిగిన తేదీ దగ్గర, అక్టోబర్ 21న అమరవీరుల పేర్లు చదివేటప్పుడు కొంత పెరగడం మామూలే. రెండు వారాలు దాటి నిలిచిపోతే అదే థెరపిస్టు దగ్గర రెండు మూడు సెషన్లు తీసుకోండి, మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు. మందులుంటే బాగైందని సొంతంగా ఆపకండి, డాక్టరు నెలల మీద మెల్లగా తగ్గిస్తారు.

మాజీ సైనికులు డిజెబిలిటీ పెన్షన్‌కి అర్హతుందేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. భర్తీ అయినప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలని, కాదని చూపాల్సిన భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి మెడికల్ రికార్డే ఆధారం. కాబట్టి మొదటి ఓపీ చీటీ నుంచి చివరి సెషన్ నోట్ దాకా అన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి ఉంచండి.